ఫోటోలో నేను, పేరులో ఆయన: వ్యవసాయ శాఖకు ఒక కౌలు రైతు బహిరంగ లేఖ

రాష్ట్ర వ్యవసాయ శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా, మండల అధికారులకు,

నమస్కారం.

నేను విశాఖపట్నం జిల్లాలో, పద్మనాభం, ఆనందపురం వైపు ఒక పల్లెలో రెండెకరాలు కౌలుకు చేసుకుంటున్న రైతుని. మా వైపు కౌలుని శిస్తు అంటాం. ఇంటర్ దాకా చదువుకున్నాను, డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తాను. అందుకే ఈ ఉత్తరం రాసే పని నా మీద పడింది. మా ఊళ్లో నాలాగా శిస్తుకు చేసేవాళ్లు ఇంకో ముప్పై మంది ఉన్నారు. వాళ్లందరికీ చదివి వినిపించాకే పంపుతున్నాను.

ఊరి పేరు, ఆఫీసు పేరు, ఉద్యోగుల పేర్లు రాయడం లేదు. ఒకరిని ఇరికించి సస్పెండ్ చేయిస్తే మా పని అయిపోదు. రేపు ఇంకొకరు వస్తారు, పంట నమోదు చేసే అదే యాప్ తెరుస్తారు, పండించిన మా పేరు కాక పొలం యజమాని పేరే వస్తుంది.

పంట నష్టం మీద మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని బస్సు ఎక్కి వెళ్తే, "ఆన్‌లైన్‌లో క్లోజ్ అయిపోయిందమ్మా, కావాలంటే కొత్తది పెట్టుకోండి" అన్నారు. నాలుగోది పెట్టే బదులు నలుగురికీ కనబడేలా రాస్తున్నాను.

జరిగింది చెబుతాను.

2025 ఖరీఫ్‌లో ఉభాలు (వరి నాట్లు) అయి నెల దాటాక, ఏ పొలంలో ఏ పంట ఉందో యాప్‌లో ఎక్కించే ఈ-పంట నమోదుకి రైతు సేవా కేంద్రం అసిస్టెంటు మా పొలానికి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు ఆ పిల్లకి. చెప్పులు గట్టు మీద విడిచి, చుడీదారు కాళ్లు పైకి మడుచుకుని బురదలో దిగింది. సిగ్నల్ లేదు. ఫోను పైకెత్తి పట్టుకుని తాటిచెట్టు దాకా నడిచింది, తిరిగొచ్చింది. పొలం హద్దులో నిలబడితే గానీ ఆ యాప్ ఫోటో తీసుకోదట. "పిన్నీ, చేలోకి దిగి నిలబడు, వెనకాల వరి కనబడాలి" అంది. నిలబడ్డాను. అంతకుముందే కలుపు తీస్తున్నానేమో, చేతిలో తుంగ గుప్పెడు అలాగే ఉండిపోయింది. ఫోటోలో అదీ పడింది.

ఆ తర్వాత పేరు. సర్వే నంబరు కొట్టగానే మా కామందు గారి, అంటే పొలం యజమాని పేరు దానంతట అదే వచ్చేసింది.

"కౌలు కార్డు ఉందా పిన్నీ?"

"లేదమ్మా."

"ఆయన్ని ఒక్క సంతకం అడగకపోయావా?"

"మూడేళ్లుగా అడుగుతున్నాను."

ఆ పిల్ల కాసేపు ఫోను వంక చూసింది. "ఎక్కించకపోతే నా టార్గెట్ పెండింగ్ చూపిస్తుంది, మెమో ఇస్తారు. ఇలాగే ఎక్కించేస్తాను, ఏమనుకోకు" అంది. నేను ఏమనుకుంటాను? ఎక్కించేసింది. ఫోటోలో నేను, పేరులో ఆయన.

అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటింది. తీరం దాటింది గోదావరి జిల్లాల వైపే అయినా వాన మమ్మల్నీ వదల్లేదు. గెడ్డ (వాగు) పక్కనున్న ఎకరం నాలుగు రోజులు నీళ్లలో ఉంది. వెన్ను పాలు పోసుకునే సమయం. నీళ్లు తీశాక చూస్తే పైరు పచ్చగానే నిలబడింది, వెన్ను నలిపితే చేతికి పొట్టు వచ్చింది. ఇరవై బస్తాలు దిగాల్సిన ఎకరంలో నాలుగు దిగాయి. నష్టం రాయడానికి మనుషులు వచ్చారు, కాదనను. రాసుకున్నారు. జాబితా గోడకు అంటించారు. అందులో మా కామందు గారి పేరుంది.

ఆయన విశాఖ టౌన్లో ఉంటారు. చెడ్డ మనిషి కాదు. ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు: "అమ్మా, నా ఖాతాలో ఏవో ప్రభుత్వం డబ్బులు పడ్డాయి, దేనికో నీకేమైనా తెలుసా?" తెలుసని చెప్పాను. సంక్రాంతికి పిలిచి రెండు వేలు చేతిలో పెట్టారు. ఆయన దయకు దండం పెట్టాను. కానీ ఆ డబ్బు ఆయన దయగా కాదు, పంట పోయిన మనిషికి ప్రభుత్వం ఇచ్చే సాయంగా నాకు రావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా మామగారు ఇదే పొలం చేసేవారు. అప్పుడూ ఇంతే. అప్పుడు కాగితం మీద రాశారు, ఇప్పుడు ఫోన్లో రాశారు. పదకొండేళ్లలో మారింది అదొక్కటే.

ఇక మీ శాఖ గురించి రెండు మాటలు. మా అమ్మాయి వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతోంది. దాని పుస్తకంలో ఉన్నదాన్నే దానికి తిరిగి అప్పజెప్పమని రాత్రిళ్లు కూర్చోబెడతాను. అలా నాకూ కొంత తెలిసింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి కరువులో జనం లక్షల్లో పోయాక, 1880లో కరువు కమిషన్ రాష్ట్రానికో వ్యవసాయ శాఖ ఉండాలని చెప్పిందట. ఆ శాఖ పనులు మూడు: పల్లెల్లో సాగు ఎలా ఉందో విచారించడం, సాగును బాగుచేయడం, కరువొస్తే ఆదుకోవడం. విచారణని మొదట పెట్టారు చూడండి. ఎవరు ఏం పండిస్తున్నారో తెలియకపోతే తర్వాతి రెండూ గాలిలో దీపాలే. ఈ-పంట అనేది ఆ పాత విచారణకే కొత్త రూపం అని నేను అర్థం చేసుకున్నాను. ఆలోచన మంచిదే. అందులో పొలం దొరుకుతోంది, పంట దొరుకుతోంది, పండించే మనిషే దొరకడం లేదు.

ఇంకోటి కూడా చెప్పింది మా అమ్మాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో వ్యవసాయం 14వ అంశం. భూమి, భూస్వామికీ కౌలుదారుకీ ఉండే సంబంధాలు 18వ అంశం. రెండూ రాష్ట్రం చేతిలోవే. కాబట్టి ఇది ఢిల్లీలో తేలాల్సిన విషయమని మాకు చెప్పవద్దు.

మా జిల్లాది మరో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడయ్యాక చెరుకు, బెల్లం మార్కెట్, పరిశోధన స్థానం అనకాపల్లి జిల్లాకి పోయాయి. కాఫీ, మిరియం అల్లూరి జిల్లాకి పోయాయి. విశాఖపట్నం జిల్లా అంటే ఇక స్టీలు, ఓడరేవు, ఐటీ, బీచ్. మీటింగుల్లో మా నాలుగు మండలాల సాగు చివరి పది నిమిషాల్లో వస్తుందో రాదో. కానీ భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వైపు ఇప్పటికీ వరి ఉంది, కూరగాయలు ఉన్నాయి, ఆనందపురం మార్కెట్‌కి పొద్దున్నే దిగే చామంతి, కనకాంబరం ఉన్నాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతు బజార్లలో మీరు కొనే ఆనపకాయ మా వైపుదే కావచ్చు.

టౌన్ దగ్గరగా ఉండటమే మాకు శాపమైంది. ఇక్కడ పొలం ధర పంటని బట్టి ఉండదు. భోగాపురం విమానాశ్రయం, ఆరు లైన్ల రోడ్డు, వచ్చే లేఅవుట్ని బట్టి ఉంటుంది. కొన్నవాళ్లు టౌన్లోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. కొన్ని పొలాలకి ఐదేళ్లలో ముగ్గురు యజమానులు మారారు, దున్నేవాళ్లు మాత్రం మేమే. గట్టు మీద తెల్ల రంగు రాయి పాతి వెళ్తారు, దాని చుట్టూ మేం నాట్లు వేస్తాం. వాళ్లకి మేం కాపలా కూడా. పడావు (బీడు) పెడితే తుమ్మలు లేస్తాయని, ఆక్రమణ అవుతుందని మాకిస్తారు. సంతకం అడిగితే మాత్రం మాట మారుతుంది. 1956 నాటి కౌలు చట్టం పేరెత్తి, "రేపు నీకు హక్కు వస్తే నేను అమ్ముకోవడం ఎలా?" అంటారు. వాళ్ల భయం వాళ్లది. 2019 చట్టం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం, అదే కౌలు కార్డు, 11 నెలలకే పనిచేస్తుందని, భూమి మీద ఏ హక్కూ రాదని ఎంత చెప్పినా నమ్మరు. నా నోటితో చెబితే ఎందుకు నమ్ముతారు? చెప్పాల్సినవాళ్లు చెప్పాలి. ఆ పత్రానికి యజమాని ఒప్పందం మీద సంతకం పెట్టి తీరాలి. ఆయన వద్దంటే చట్టం నాకు తలుపు మూసేసినట్టే. అంతకుముందు 2011 చట్టంలో రుణ అర్హత కార్డులిచ్చినప్పుడు ఈ సంతకం పట్టింపు లేదు. మళ్లీ సంతకం అక్కర్లేని చట్టం తెస్తామన్న మాట 2024 నుంచి వింటున్నాం. వింటూనే ఉన్నాం.

ఆ ఒక్క పేరు ఎక్కకపోతే ఒక ఇంట్లో ఏమేం అవుతాయో వరసగా రాస్తాను.

1. నష్టం మాది, సాయం ఇంకొకరిది. పంట 33 శాతం, అంతకు మించి పోతే పెట్టుబడి సాయం ఇవ్వాలి. కేంద్ర విపత్తు సాయం లెక్కల్లోనే నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరానికి 6,880 దాకా. మా ఇంటికి అది రెండు నెలల ఖర్చు. పంట బీమాకి కౌలు రైతులూ అర్హులేనని పథకంలోనే రాసి ఉంది. ఖరీఫ్ వరికి రైతు కట్టాల్సిన ప్రీమియం బీమా మొత్తంలో 2 శాతం, అదీ కడతాం. కానీ కౌలు చేస్తున్నట్టు కాగితం చూపించమంటారు. ఆ కాగితానికి సంతకం కావాలి. సంతకం దగ్గరికొచ్చి ఆగిపోతాం.

2. అప్పు. ఇది అన్నిటికన్నా ఎక్కువ కోస్తోంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. బ్యాంకు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. మా పొలం మీద ఆ రుణం ఇప్పటికే ఉంది, కామందు గారు తీసుకున్నారు. ఒకే భూమి మీద రెండు రుణాలు ఇవ్వం అంటారు బ్యాంకు వాళ్లు, వాళ్ల రూలు వాళ్లది. నేను మాకు తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చాను. జూన్‌లో తెచ్చి జనవరిలో తీర్చాను. ఏడు నెలలకి వడ్డీ 8,400. అదే బ్యాంకు అప్పు 4 శాతం లెక్కన అయితే వెయ్యి రూపాయల లోపే. మిగతా 7,400 దేనికి కట్టానో మీరే చెప్పండి. నాకైతే నా పేరు మీ యాప్‌లో లేనందుకు కట్టిన జరిమానాలా అనిపిస్తుంది. ఆ డబ్బు కోసమే మా ఆయన విశాఖ టౌన్లో ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఒక అపార్ట్‌మెంటులో రాత్రి వాచ్‌మన్ డ్యూటీకి వెళ్తున్నాడు. పగలు వచ్చి పొలంలో దిగుతాడు, గట్టు మీద కూర్చుంటే నిద్రపోతాడు.

3. ధాన్యం. మద్దతు ధర 2025-26కి సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు. మా 80 కిలోల బస్తాకి 1,895 అవుతుంది. కొనేది పౌరసరఫరాల వాళ్లే అయినా, ఈ-పంటలో ఉన్న పేరుకే కొంటారు, ఆ ఖాతాలోనే డబ్బు వేస్తారు. కాబట్టి మేం కొనుగోలు కేంద్రం ముందు నుంచే బండి తోలుకుని కళ్లాలకొచ్చే వ్యాపారికి అమ్ముతాం. మొత్తం 24 బస్తాలు అయ్యాయి. శిస్తు 14 ఇవ్వాలి, కామందు గారు రెండు తగ్గించారు. ఇంట్లో తిండికి ఐదు పోగా ఏడు అమ్మాను, బస్తా 1,550కి. బస్తాకి 345 చొప్పున పోయింది 2,415 రూపాయలు. మీకు చిన్న అంకె. మా అమ్మాయి హాస్టల్ నెల మెస్ బిల్లు దానికన్నా తక్కువే.

4. యూరియా. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ ధరకి ఇచ్చే చోట లైను, లైను లేని చోట లింకు. ఒక షాపులో జింకు పాకెట్టు కొంటేనే యూరియా అన్నారు, ఇంకోచోట బాటిలు అంటగట్టారు. పైగా వేలిముద్ర. మూడు రోజులు నాట్లు వేసి వచ్చిన చేతికి గీతలుంటాయా? మిషన్ ఎర్రలైటు వేస్తుంది. కొబ్బరినూనె రాసి, చీర కొంగుకి తుడిచి, పదిసార్లు నొక్కి, చివరికి పక్కింటామె వేలితో తెచ్చుకున్నాను.

5. సలహా. ఒక మంచి మాట కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో పొలంబడి పెట్టారు. ఒక ఆఫీసరు గారు వారం వారం వచ్చి, మాతోపాటు చేలో వంగి, దుబ్బు మొదట్లో సుడిదోమని వేలితో చూపించారు. ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి తగిలి దోమ తగ్గుతుందని చెప్పారు. నాట్లు వేసే ఆడవాళ్లం నవ్వాం, నేల వృథా కదా అని. ఆ ఏడాది పక్క చేలు సుడులు సుడులుగా మాడిపోయాయి, మాది నిలబడింది. ఇప్పటికీ తాడు పట్టి కాలిబాటలు తీస్తాను. వ్యవసాయ శాఖ అంటే ఏంటో నాకు తెలిసింది ఆ ఒక్క సీజన్లోనే. ఇప్పుడు అసిస్టెంటు పిల్ల చదివింది వ్యవసాయమే, చేసేది మాత్రం సర్వేలు, ఈకేవైసీలు, వీడియో కాన్ఫరెన్సులు, ఇతర శాఖల డ్యూటీలు. వరికి ఏదైనా వస్తే ఆకు తెంపుకుని మందుల షాపుకి వెళ్తాం. ఆయన రెండు డబ్బాలు ఎక్కువే ఇస్తాడు, ఎందుకు ఇవ్వడు?

6. ఆడవాళ్లు. ఫారం నింపేటప్పుడు మొదటి ప్రశ్న "మీ ఆయన పేరు చెప్పమ్మా." విత్తనం నానబెట్టింది నేను, ఆకుమడి కాసింది నేను, కూలీలని పిలిచింది నేను, అప్పు పత్రం మీద సంతకం కూడా నాదే. కౌలుదారు గడిలో ఎప్పుడైనా పేరు ఎక్కినా మా ఆయన పేరు ఎక్కుతుందేమోనని మా ఊరి ఆడవాళ్లకి ఇంకో దిగులు. ఎమ్మెస్ స్వామినాథన్ గారి రైతు కమిషన్ తర్వాత 2007లో వచ్చిన జాతీయ రైతు విధానం రైతు అంటే ఎవరో విడమరిచి చెప్పింది. కౌలుదారు, పాలికాపు, వ్యవసాయ కూలీ, ఆడామగా అందరూ అందులో ఉన్నారు. పాస్‌బుక్ ఉన్నవాడే రైతు అని అందులో ఎక్కడా లేదు.

మేం ఎవరి భూమీ అడగడం లేదు. కామందు గారి పాస్‌బుక్ ఆయన దగ్గరే ఉండాలి. పొలం ఆయనదని, పంట నాదని, రెండు విషయాలు రెండు గడుల్లో రాయమంటున్నాం. అడిగేవి ఇవి:

1. ఈ-పంటలో యజమాని పేరుకి ఒక గడి, సాగు చేసే మనిషి పేరుకి ఒక గడి పెట్టండి. రెండోది నింపకపోతే యాప్ ముందుకు పోకూడదు. యజమాని సంతకం లేకపోతే గట్టు పక్క రైతులిద్దరి సాక్ష్యం తీసుకుని, గ్రామసభలో చదివి ఖాయం చేయండి. ఏ చేను ఎవరు చేస్తున్నారో పల్లెలో దాచినా దాగదు. పొలంలో నిలబెట్టి ఫోటో తీసింది మీరే కదా, ఆ ఫోటోనే సాక్ష్యంగా తీసుకోండి.

2. ఈ-పంట జాబితా, నష్టం జాబితా గోడకు అంటించి ఊరుకోవద్దు. చదువురానివాళ్లు చాలామంది ఉన్నారు. సాయంత్రం పూట, కూలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, రచ్చబండ దగ్గర చదివించండి. అభ్యంతరాలకి వారం గడువివ్వండి. ఆ తర్వాతే డబ్బు వేయండి.

3. అర్జీదారు సంతకమో, ఫోన్లో ఒప్పుకున్న మాటో లేకుండా ఏ అర్జీనీ క్లోజ్ చేయొద్దు. 2025 ఖరీఫ్ నష్టం మీద మేం ఇచ్చిన మూడు అర్జీలు మళ్లీ తెరవండి.

4. సాగుదారు హక్కు పత్రంతో భూమి పోదని యజమానులకు ప్రభుత్వమే ఉత్తరం రాయాలి. మాతో చెప్పించొద్దు. టౌన్లో, వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఆన్‌లైన్లో ఒప్పుకునే ఏర్పాటు చేయండి. రెవెన్యూ, వ్యవసాయం రెండూ కలిసి చేయాల్సిన పని ఇది. అక్కడికెళ్తే ఇక్కడ, ఇక్కడికొస్తే అక్కడ అని తిప్పొద్దు.

5. జిల్లా బ్యాంకర్ల మీటింగులో కౌలు రైతులకి ఎంత రుణం ఇచ్చారో విడిగా అడగండి, ఆ అంకె బయట పెట్టండి.

6. ఎరువుల షాపు ముందు రోజువారీ నిల్వ, ధర బోర్డు మీద రాయాలని 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వే చెబుతోంది. బోర్డు లేని షాపుని, లింకు పెట్టే షాపుని మండల అధికారి తనిఖీ చేయాలి. ముందు ఫోన్ చేసి వెళ్లే తనిఖీ వద్దు. వేలిముద్ర పడనివాళ్లకి ఓటీపీతో ఇవ్వండి.

7. అసిస్టెంట్లకి వారంలో రెండు రోజులు పొలం తప్ప వేరే డ్యూటీ వేయొద్దు. ప్రతి ఊళ్లో ఒక పొలంబడి పెట్టండి, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. జీలుగ, జనుము, వరి విత్తనాలు రోహిణి కార్తె దాటకుండా ఊళ్లోకి రావాలి. మృగశిరలో ఆకుమడి పోసేశాక వచ్చే సబ్సిడీ విత్తనం కోళ్లకి తప్ప ఎవరికీ పనికిరాదు.

8. సాగు చేసేది ఆడమనిషైతే ఆమె పేరే రాయండి.

ఇందులో 1, 2, 3 డబ్బుతో పనిలేనివి. బడ్జెట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక ఉత్తర్వు, యాప్‌లో ఒక గడి, ఊళ్లో ఒక సాయంత్రం చాలు. అందుకే వీటికి ఈ ఖరీఫ్ నమోదు మొదలయ్యేలోపే జవాబు కావాలని అడుగుతున్నాం. మిగతావాటికి ఎప్పటిలోగా చేస్తారో తేదీ చెప్పండి చాలు. మెసేజ్ వద్దు. కాగితం మీద, సంతకంతో.

జవాబు రాకపోతే ఈ-పంట ఫోటోకి మేం ముప్పై ఒక్క మందిమీ చేలో నిలబడం. అసిస్టెంటు పిల్లకి ఈ మాట ముందే చెప్పాను, ఆమెకి మెమో రాకుండా చూడమని కూడా మిమ్మల్నే అడుగుతున్నాను. యజమాని పేరుతో నమోదు చేసే పంటకి యజమానినే పిలిచి బురదలో నిలబెట్టి ఫోటో తీసుకోండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు, మా ఊరి ముప్పై మంది తరఫున కూడా
విశాఖపట్నం జిల్లా

మా పేర్లు, సర్వే నంబర్లు, ఎవరిది ఎంత పోయిందో లెక్క, మూడు అర్జీల రసీదుల జిరాక్సులు అధికారులకు పంపే ప్రతికి విడిగా కుట్టాం. పొలం చూడాలని వచ్చేవాళ్లు పొద్దున్న పదిలోపు రండి, ఆ తర్వాత నేను కూలికి వెళ్లిపోతాను.